పదిహేను రంగుల నది

మా అన్నయ్య పేరు ఫోన్లో కొట్టి చూడండి, వెంటనే వస్తుంది. ఫిలిప్ అనీ, పక్కనే తన ఆట పేరు ‘రేవు’ అనీ. నల్ల టీషర్టు, కట్టుకున్న చేతులు, వెనకాల మా మేడ మీద గది కిటికీ. కింద ఇంగ్లీషులో ఓ పేరా. విజయవాడ దగ్గర ఓ చిన్న ఊళ్ళో ఒంటరిగా కూర్చుని, పాతకాలపు వీడియో గేముల బొమ్మల విద్యని ఒంటిచేత్తో బతికించిన కుర్రాడట. ఒంటరిగా అట! ఒంటిచేత్తో అట! ఆ ఫొటో తీసిందే నేను. పొట్ట లోపలికి పీల్చుకో అన్నయ్యా అని నేను అరుస్తుంటే, తను నవ్వాపుకోలేక పది ఫొటోలు పాడుచేశాడు. నాకు కోపం పోయిందా అని మాత్రం అడగకండి. పోలేదు.

ఆ ఎండాకాలం మొదలయ్యేసరికి నేను బెంజ్ సర్కిల్ దగ్గర సురేష్ గారి ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. పేరుకి డిజైనర్నిగానీ, నా పని నాయకుల తలకాయలు కత్తిరించి పుట్టినరోజు కుర్రాళ్ళ పక్కన అతికించడం, ఆ కుర్రాళ్ళని ఎంత వీలైతే అంత తెల్లగా చెయ్యడం. రోజూ ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. చదివింది బీకాం. బొమ్మలు ఎవరూ నేర్పలేదు, నా అంతట నేనే గీసుకుంటూ వచ్చాను. గేముల కంపెనీల్లో బొమ్మలు వేసే ఉద్యోగాలుంటాయని తెలుసు. దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న, ఏ గేముకి వేశారండీ అని. ఏ గేముకీ వెయ్యలేదు కాబట్టి ఏ గేముకీ వెయ్యనివ్వరు. అదీ వరస.

అన్నయ్య సంగతి వేరు. హైదరాబాదులో మంచి ఉద్యోగం ఉండేది. ఆ ఎండాకాలానికి మూడేళ్ళ ముందు అది పోయాక ఇంటికొచ్చి మేడ మీద గదిలో పడ్డాడు. మొదట్లో వేరే ఉద్యోగం చూసుకుంటున్నాడనుకున్నాం. తర్వాత కిందకి దిగడం మానేశాడు. గుడికి, అదే మా చర్చికి, రాడు, బంధువులొస్తే తలుపు తియ్యడు. అమ్మ అన్నం పళ్ళెం మెట్ల మీద పెడితే ఎప్పుడో తీసుకునేవాడు. నాన్న థర్మల్ స్టేషన్లో షిఫ్టు చేసొచ్చి, పైకి ఓసారి చూసి, ఏమీ అనకుండా స్నానానికి వెళ్ళిపోయేవాడు.

ఏప్రిల్లో ఓ ఆదివారం గుడి నుంచి రాగానే పైనుంచి కేక.

“జెస్సీ! ఒకసారి పైకి రా.”

ఎన్ని నెలలకి పిలిచాడో! అమ్మ చేతిలో బైబిలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. వెళ్ళవే, వెళ్ళు అని కళ్ళతోనే తోసింది నన్ను.

పైకెళితే, తెర మీద ఏదో గోధుమరంగు ముద్ద కదులుతోంది.

“ఇదేంటన్నయ్యా, తెగిపోయిన చెప్పా?”

“పడవే!”

“ఎవరి కాలికి?”

అన్నయ్య నవ్వాడు. నిజంగా, పళ్ళు కనిపించేలా నవ్వాడు. నేను కూడా నవ్వాను, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి నాకు.

ఆ గదిలో ఇన్నాళ్ళూ తను ఓ ఆట తయారుచేస్తున్నాడని అప్పుడు తెలిసింది. మా ఫెర్రీ దగ్గర రేవులో పడవ నడిపే ఓ ఆడమనిషి. కృష్ణకి వరదొస్తుంది. నది మధ్య లంకల్లో చిక్కుకున్న మనుషుల్నీ, గేదెల్నీ, కోళ్ళగంపల్నీ ఇవతలి ఒడ్డుకి చేర్చాలి. అంతే ఆట. దాని లోపలి మెదడంతా అన్నయ్య రాసేశాడు. బొమ్మలే లేవు.

“మనం చిన్నప్పుడు టీవీకి తగిలించి క్యాసెట్ గేము ఆడేవాళ్ళం కదా, దాని తర్వాత వచ్చిన మెషీన్ల లెక్కలన్నీ ఇందులో పెట్టుకున్నా,” అన్నాడు. “ఒక్కో దృశ్యానికి మొత్తం పదహారు రంగులే. అందులో ఒకటి ఖాళీ, వెనకున్నది కనపడ్డానికి వదిలెయ్యాలి. మిగిలేవి పదిహేను. తెరంతా చిన్న చిన్న పలకలతో కట్టాలి. అవే పలకలు తిప్పి తిప్పి వాడాలి. దాటడానికి వీల్లేదు.”

“ఇప్పటి కంప్యూటర్లో కోటి రంగులు పెట్టుకుని ఈ ఉపవాసం ఎందుకన్నయ్యా?”

“ఇప్పుడన్ని ఆటల్లోనూ నీళ్ళు అచ్చం నీళ్ళలాగే ఉంటున్నాయి జెస్సీ. అందుకే ఎవడూ నీళ్ళవంక చూడట్లేదు. తక్కువిస్తే మిగతాది చూసేవాడు తనే కల్పించుకుంటాడు. బయట దేశాల్లో ఇప్పుడు చిన్న చిన్న వాళ్ళు, ఒకళ్ళూ ఇద్దరూ కలిసి, ఇలాంటివే చేస్తున్నారు. జనం పడి చస్తున్నారు వాటికోసం.”

“అయితే నన్నేం చెయ్యమంటావు?”

“షాపు మానెయ్. ఈ ఎండాకాలం నాతో కూర్చో. ఆటలో బొమ్మలు అని నీ పేరు పడితే చాలు, ఎక్కడికెళ్ళినా అదే నీ డిగ్రీ.”

ఈ మాట నేను కల్పించి చెప్పట్లేదు. అక్షరాలా తనన్న మాట. మర్నాడే సురేష్ గారికి చెప్పేశాను. ఆయన మంచివాడు. “మళ్ళీ రావాలనిపిస్తే మొహమాటపడకమ్మా,” అన్నాడు. ఎందుకొస్తానండీ అని నవ్వుతూ వచ్చేశాను, అదీ నా తెలివి.

మే నెలంతా ఆ గదిలోనే. రేకుల షెడ్డు కాకపోయినా రేకుల షెడ్డంత వేడి. ఊళ్ళో అంత పెద్ద థర్మల్ స్టేషన్ని పెట్టుకుని మా వీధికి మాత్రం మధ్యాహ్నం అయ్యేసరికి కరెంటు పోయేది. అప్పుడు బండి మీద ఫెర్రీకి వెళ్ళేవాళ్ళం. తను ఎండలో బయటికొస్తున్నాడని అమ్మకి ఎంత సంబరమో. మజ్జిగ సీసాలో పోసి, టోపీ పెట్టి పంపేది.

రేవు మెట్ల మీద కూర్చుని నీళ్ళలో రంగులు ఏరుకునేదాన్ని. అన్నయ్య మొదట నీలం పెట్టాడు. తిట్టాను. “కృష్ణ ఎప్పుడు నీలంగా ఉందయ్యా మహానుభావా? కళ్ళు తెరిచి చూడు.” ఒడ్డున నాచు పచ్చ. దాని పక్కన పలచని టీ రంగు. మధ్యలో ఎండ పడ్డచోట ఇత్తడి. పడవ నీడలో దాదాపు నలుపు. ఇసుకతిన్నె దగ్గర ఏ రంగో చెప్పలేని ఓ రంగు. పదిహేనింటిలో పడవకి కొన్ని, పడవ నడిపే ఆవిడ చీరకి కొన్ని పోతే నదికి మిగిలేవి ఎన్ని? ఒక్కో రంగుకోసం ఇద్దరం కొట్టుకు చచ్చేవాళ్ళం. గేదెకి వేరే నలుపు కావాలని తనంటాడు, పడవ నీడలో నలుపే గేదెకీ సరిపోతుందని నేనంటాను. ఆఖరికి నా మాటే నెగ్గేది.

లేని రంగు తెప్పించే ఉపాయం ఒకటుంది. రెండు రంగుల చుక్కల్ని చదరంగం గళ్ళలాగా పక్కపక్కన పేర్చాలి. ఇప్పటి తెర మీద అవి చుక్కలుగానే కనిపిస్తాయి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ మీదయితే రెండూ కలిసిపోయి మూడో రంగవుతుంది. అందుకని నాన్న కాలనీలో ఎవరింట్లోనో అటక మీదున్న పాత టీవీ అడిగి తెచ్చాడు. మెట్లెక్కించేటప్పుడు ఆయన నడుం పట్టేసింది. అయినా అక్కడే కూర్చుని, బొమ్మ వచ్చేదాకా కదల్లేదు.

నది పారడం మాత్రం నన్ను ఏడిపించింది. ఒక్కో అల గీసి, దాన్ని కాస్త జరిపి మళ్ళీ గీసి, అలా వందల బొమ్మలు వేసే వీల్లేదు, తన లెక్కలు ఒప్పుకోవు. పాతవాళ్ళు ఇంకో దారి పట్టారు. నది బొమ్మ ఒక్కటే, అది కదలదు. లోపల రంగులు వరసలో ఒకదాని చోటికొకటి జరుగుతాయి. పెళ్ళి ఇంటి ముందు సీరియల్ బల్బులు చూస్తాం కదా, బల్బులు ఉన్నచోటే ఉంటాయి, వెలుతురు పరిగెడుతుంది. అదే ఇది. కానీ వరసలో ఒక్క రంగు అటూ ఇటూ అయిందా, నది పారదు, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. నా నది వణికీ వణికీ నా ప్రాణం తీసింది. తుడిచేదాన్ని, మళ్ళీ పేర్చేదాన్ని, కీబోర్డు విసిరికొట్టబోతే అన్నయ్య పట్టుకునేవాడు.

ఓ మధ్యాహ్నం పారింది.

ఉన్నట్టుండి పారింది. నాచు పచ్చలోంచి టీ రంగులోకి, అక్కణ్ణించి ఇత్తడిలోకి, పడవ పక్కనుంచి సుడి తిరిగి, తెర అంచుదాకా. నేను మెట్ల దగ్గరికి పరిగెత్తి అమ్మని కేకేశాను. పప్పుగుత్తి చేత్తో పట్టుకునే వచ్చింది. టీవీ ముందు నిలబడి, “ఓరి దేవుడా, నీళ్ళే!” అని తెరని ముట్టుకుని చూసింది.

“నేను వేశానమ్మా,” అన్నాను.

“నువ్వే వేశావే తల్లీ, చూస్తున్నాగా,” అంది అమ్మ. ఈ మాట కూడా అక్షరాలా.

ఆ వీడియో అన్నయ్య ఆన్‌లైన్లో పెట్టాడు. ఎవరెవరో, ఏ దేశాలవాళ్ళో చూశారు. ఈ నీళ్ళు ఎలా చేశావని అడిగేవాళ్ళే అందరూ. జూన్ మొదట్లో బెంగళూరు నుంచి ఓ గేముల కంపెనీ ఫోన్ చేసింది. జయంత్ అని తెలుగాయనే. ఆటని వాళ్ళు అచ్చేసి, అంటే ప్రపంచమంతా అమ్మే ఏర్పాటు చేసి, అన్నయ్యకి వాళ్ళ దగ్గరే ఉద్యోగమిస్తామన్నారు.

వీడియో కాల్ జరిగే రోజు నేను పక్కనే కూర్చుని లంకలో కొబ్బరిచెట్లు వేస్తున్నాను. “ఒక్క నిమిషం కెమెరాలోకి రాకు జెస్సీ, మళ్ళీ పరిచయాలూ అవీ లేటవుతాయి,” అన్నాడు అన్నయ్య. సరేనని కుర్చీ జరుపుకున్నాను. తను ఇంగ్లీషులో చెబుతున్నాడు. “నేను నదిని గమనించాను, నేను రంగులు ఎంచుకున్నాను, నేను వరస పేర్చాను,” అని. నా చెయ్యి ఆగింది. కాల్ అయ్యాక అడిగాను.

“అన్నీ నేను నేను అన్నావేంటి?”

“వాళ్ళతో అలాగే మాట్లాడాలే. కంపెనీ భాష అది. నేను అంటే మనమనే.”

నేను నమ్మాను. ఎందుకు నమ్మనండీ? సొంత అన్నయ్య. మూడేళ్ళ తర్వాత మనుషుల్తో గొంతెత్తి మాట్లాడుతున్నాడు, ఆ సంతోషంలో ఏ మాటకి ఏమర్థమో పట్టించుకోలేదు. తర్వాత వారం అమ్మా, అన్నయ్యా కలిసి విజయవాడ వెళ్ళొచ్చారు, కాగితాల మీద సంతకాలున్నాయని. నేను వస్తానంటే, ఎండలో ముగ్గురెందుకే అంది అమ్మ. నిజమే కదా అనుకుని కొబ్బరిచెట్లు పూర్తిచేశాను.

మాలో ఏ మేలు జరిగినా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటాం. ఉద్యోగమొచ్చినా, జబ్బు నయమైనా, ఇల్లు కట్టినా. సంఘాన్నంతా పిలిచి, పాటలు పాడి, దేవునికి స్తోత్రం చెప్పి, భోజనాలు పెడతాం. అన్నయ్యకి ఉద్యోగమొచ్చిందంటే అమ్మ ఊరుకుంటుందా? జూన్ చివర్లో ఓ సాయంత్రం వాకిట్లో షామియానా, కుర్చీలు, డోలక్, మైకు, పక్క సందులో బిరియానీ డేగిసాలు. నేను కొత్త చుడీదార్ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ వందనాలండీ, వందనాలండీ అంటూ మంచినీళ్ళిచ్చాను. నా మనసులో అది నా పండగ కూడా.

పాస్టరుగారు ప్రార్థనకి లేచారు. అందరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం. నాన్న ముందు వరసలో, నేనూ అమ్మా ఆడవాళ్ళవైపు ఎదురెదురుగా.

“ప్రభువా, నీ బిడ్డ ఫిలిప్‌ని నువ్వు లేవనెత్తావు తండ్రీ. ఎవరి సాయమూ లేకుండా, ఏ తోడూ లేకుండా, గదిలో ఒంటరిగా, తన రెండు చేతుల్తో ఆ బొమ్మలన్నీ గీసుకుని, ఆ నదిని పారించాడు తండ్రీ...”

ఇక్కడొక సంగతి చెప్పాలి. కూడికకి వచ్చే ముందు పాస్టరుగారు ఇంటివాళ్ళని అడుగుతారు, ఏమేం విషయాలు ప్రార్థనలో పెట్టాలమ్మా అని. ఆయనకి గేములంటే ఏం తెలుసు, రంగులంటే ఏం తెలుసు? ఇంట్లో ఎవరు ఏ మాట చెబితే ఆయన ఆ మాటే దేవుడి ముందు పెడతారు. మా ఇంట్లో ఆ విషయాలు చెప్పేది ఎప్పుడూ అమ్మే.

నేను కళ్ళు తెరిచాను. షామియానా కింద అంతమందీ కళ్ళు మూసుకుని ఉన్నారు. అమ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి. నన్నే చూస్తోంది.

ఆమెన్ అన్నారు అందరూ.

“ఇప్పుడు మన సోదరి జెస్సికా తన అన్నని గురించి సాక్ష్యం చెబుతుంది,” అన్నారు పాస్టరుగారు. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలుని నలుగురి ముందూ చెప్పడం, ఇది ముందే అనుకున్నదే. గుడిలో బాగా మాట్లాడతానని నాకు పేరు. రాత్రంతా ఏం చెప్పాలో అనుకుని పెట్టుకున్నాను, అన్నయ్య పడ్డ కష్టం, మళ్ళీ నవ్వడం, అవన్నీ. మైకు చేతికొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు.

సాక్ష్యంలో అబద్ధమాడకూడదు. చిన్నప్పట్నించీ అమ్మ నేర్పిందే.

“దేవునికి స్తోత్రం,” అన్నాను. “అన్నయ్యకి జరిగిన మేలుకి నాకు సంతోషమేనండీ. కానీ పాస్టరుగారు ఒంటరిగా అన్నారు. ఒంటరిగా కాదండీ. ఆ నది నేను వేశాను. ఆ పడవ, ఆ రంగులు, ఆ చెట్లు...”

అమ్మ పాట ఎత్తుకుంది.

కూర్చున్నచోట నుంచే, కళ్ళు మూసుకుని, గొంతెత్తి, స్తుతి పాట. సాక్ష్యం అయిపోయాక పాట పాడటం మామూలే కాబట్టి అందరూ అయిపోయిందనే అనుకున్నారు. డోలక్ అందుకుంది. చప్పట్లు మొదలయ్యాయి. అన్నయ్య తల వంచుకుని చప్పట్లు కొడుతున్నాడు. నాన్న కూడా కొట్టాడు, ఆయన ఎంతవరకు విన్నాడో నాకు తెలియదు. నేను మైకు పట్టుకుని ఆ పాట అయిపోయేదాకా నిలబడ్డాను. చరణం తర్వాత చరణం, అమ్మ ఒక్కటి కూడా వదల్లేదు.

భోజనాల దగ్గర దానమ్మ పిన్ని నా బుగ్గ పుణికింది. “అన్నకి రంగులు నింపి పెట్టావటగా? మంచి పిల్లవమ్మా,” అంది. నా చేతిలో గరిటె ఉంది. దాంతో ఏం చెయ్యాలనిపించిందో చెప్పను, పిన్ని పాపం మంచిది.

అందరూ వెళ్ళాక వంటింట్లో అమ్మని పట్టుకున్నాను.

“పాస్టరుగారికి ఆ మాట నువ్వే చెప్పావా?”

“చెప్పాను.”

“ఎందుకు?”

అమ్మ డేగిసా తోముతూనే ఉంది. “కంపెనీవాళ్ళకి అలాగే కావాలంట. ఒక్కడే చేశాడంటేనే జనం చూస్తారంట, పేపర్లో రాస్తారంట. ఇద్దరు చేశారంటే కుదరదన్నారు. కాగితంలో కూడా అదే రాశారు, అంతా వాడే చేశాడని. వాడు సంతకం పెట్టనని ఏడ్చాడు. నేనే పెట్టమన్నా.”

అన్నయ్య మోసం చేశాడని ఒళ్ళు మండిపోతూ వచ్చాను. ఇక్కడ చూస్తే తను ఏడ్చాడట, పెట్టించింది ఈవిడట.

“నేను కూడా నీ కడుపున పుట్టినదాన్నేగా అమ్మా?”

“పుట్టావు. కాదన్నానా?” చేతులు కడుక్కుని నావైపు తిరిగింది. “వాడు పైనుండగా రోజూ పళ్ళెం పెట్టి మెట్ల కింద నిలబడేదాన్ని. తలుపు చప్పుడయ్యేదాకా కదిలేదాన్ని కాదు. ఏ రోజు చప్పుడు వినపడదోనని. నువ్వు ఎప్పుడైనా నిలబడ్డావా? నీకు తెలీదు. నిన్ను ఎక్కడ పడేసినా బతుకుతావే జెస్సీ. వాడు బతకడు.”

“బతకడం చేతనవ్వడం నా తప్పా?”

అమ్మ దగ్గరికొచ్చింది. నా తల నిమరబోయింది. తోసేశాను. జీవితంలో మొదటిసారి మా అమ్మ చెయ్యి తోసేశాను, దానికి నాకిప్పటికీ బాధ లేదు.

మర్నాడు పొద్దున్నే మేడ మీదకి వెళ్ళాను. అన్నయ్య సంచీ సర్దుకుంటున్నాడు.

“ఆట ఆఖర్న స్పెషల్ థాంక్స్‌లో నీ పేరు పెడతా. ఒట్టు,” అన్నాడు నా మొహం చూడకుండా. “ఇది ఒక్కటి బయటపడనీ జెస్సీ. రెండో ఆటకి నువ్వే మెయిన్. జయంత్ గారితో నేనే మాట్లాడతా.”

“నీ డిగ్రీ నీకే ఉంది కదన్నయ్యా. నాది కూడా ఎందుకు తీసుకున్నావు?”

“నేను తీసుకోలేదే. అడిగినప్పుడు కాదనలేకపోయా, అంతే.”

అంతే అట! సంచీ జిప్పు పెట్టుకుని, పాత టీవీ మీద గుడ్డ కప్పి, సాయంత్రం బెంగళూరు రైలెక్కాడు. అమ్మ స్టేషన్‌కి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. జులై మొదట్లో మళ్ళీ బెంజ్ సర్కిల్ బస్సెక్కాను. సురేష్ గారు నా పాత కుర్చీ తుడిపించి ఇచ్చారు. ఆ రోజు వచ్చిన మొదటి ఆర్డరు ఎవరో కార్పొరేటర్ మేనల్లుడి పుట్టినరోజు. కుర్రాణ్ణి తెల్లగా చేశాను.

దసరా నాటికి ఆట బయటికొచ్చింది. బాగా ఆడింది. చూసినవాళ్ళందరూ నీళ్ళ గురించే రాశారు. ఒకాయనైతే, ఈ నదిలో ఓ మనిషి ఒంటరితనం పారుతోంది అని రాశాడు. ఒంటరితనం కాదయ్యా, మా ఇద్దరి పోట్లాట పారుతోంది అందులో.

నేను ఆగలేకపోయాను. నావంటూ కొత్త బొమ్మలు వేసి, హనుమాన్ జంక్షన్ లారీల అడ్డా, వానలో టీ బడ్డీ, అదే పదిహేను రంగుల్లో, హైదరాబాదులో ఓ కంపెనీకి పంపాను. మనోజ్ఞ అని అక్కడి ఆర్ట్ హెడ్ తనే ఫోన్ చేసింది. మర్యాదగా మాట్లాడింది.

“చాలా బాగున్నాయండీ జెస్సికా గారూ. ‘రేవు’ ఫిలిప్ గారి స్టైల్ని భలే పట్టుకున్నారు. ఆయన నీళ్ళు చేసే పద్ధతి, ఆ చుక్కలు పేర్చడం, అచ్చం అలాగే ఉంది. కానీ మాకు ఎవరి స్టైల్ వాళ్ళకుండాలండీ. ఇంకొకరిని చూసి వేసినవి తీసుకోలేం. మీ సొంతవి ఏవైనా ఉంటే పంపండి.”

ఆ స్టైల్ అన్నయ్యదే అనుకుంటోంది ఆవిడ, నేను కాపీ కొట్టానంటోంది. నా కంప్యూటర్లో మొదటి చెప్పులాంటి పడవ దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి, ఏ రోజు ఏది వేశానో సహా. పంపితే నిమిషంలో తేలిపోతుంది. పంపితే అన్నయ్య సంతకం పెట్టిన కాగితం అబద్ధమవుతుంది. ఉద్యోగం పోతుంది. మళ్ళీ ఆ గది, ఆ మెట్లు, ఆ పళ్ళెం. అమ్మ నన్ను ఎంత బాగా చదివిందో నాకు ఆ క్షణంలో అర్థమైంది.

“థాంక్యూ అండీ,” అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఆ ఆదివారం నాన్నకి సెలవు. ఎప్పుడూ పైకి రానివాడు మేడ మీదకొచ్చాడు. “ఆ ఆట ఓసారి పెట్టమ్మా, చూద్దాం,” అన్నాడు. పాత టీవీకే తగిలించాను. నది పారింది. నాన్న పడవని నాలుగుసార్లు ఇసుకతిన్నెకి కొట్టాడు, ఓ గేదెని ముంచేశాడు, చాల్లే అన్నాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని నావంక చూశాడు.

“చేసినవాళ్ళ పేర్లు ఆఖర్న వేస్తారటగా. అవి చూపించు.”

చూపించాను. రాతా, బొమ్మలూ, రూపకల్పనా అన్నిటికీ ఒకే పేరు, మా ఇంటి పేరుతో సహా. ఆ తర్వాత కంపెనీవాళ్ళ పేర్లు పైకి జరుగుతూ వెళ్ళాయి. జయంత్ గారు, ఎవరెవరో. స్పెషల్ థాంక్స్ వచ్చింది. నాన్న వేలు తెర మీద పెట్టి ఒక్కో పేరూ పైకి చదివాడు, సంఘం పాస్టరుగారి పేరుదాకా. నా పేరు రాలేదు. ఆఖరి వరసలో ఇంగ్లీషులో, ‘నా కుటుంబానికి’ అని ఉంది.

నాన్న వెనక్కి తిరిగాడు. “నీ పేరెక్కడమ్మా?”

ఏం చెప్పను? కోపంగా చెబుదామనే అనుకున్నాను. ఆ ఆఖరి మాట మీద వేలు పెట్టాను.

“ఇదుగో నాన్నా. కుటుంబం. ఇందులో ఉన్నా.”

నాన్న ఆ మాటని మళ్ళీ చదువుకున్నాడు.

“ఇందులో నేనూ ఉన్నానుగా,” అన్నాడు. “మరి నేనేం చేశానమ్మా?”